సూళ్లూరుపేట లాడ్జికి ఓ దండం, నేలపట్టు చెరువుకి రెండు దండాలు

పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల్ని చూడ్డానికి సూళ్లూరుపేటలో దిగేవాళ్లు, ఆ వారంలో శ్రీహరికోట నుంచి ప్రయోగం ఉందో లేదో ముందే కనుక్కోండి. ఉంటే గనక, రాకెట్ కన్నా ముందే అక్కడి లాడ్జీల రేట్లు పైకి లేస్తాయి. ఫోన్‌లో రూ.1,100 అన్న ఏసీ గదికి కౌంటర్ దగ్గర రూ.2,600 అడిగారు. "అది మామూలు రోజుల రేటు సార్" అన్నాడు కుర్రాడు, సెల్‌ఫోన్‌లోంచి తలెత్తకుండానే. పిల్లలు నిద్రమొహాలతో తూలుతున్నారు. మా ఆవిడ అప్పటికే బ్యాగులు దించేసింది. కట్టాం.

డబ్బుతో పోయుంటే ఇంత రాసేవాడిని కాదు. కుళాయి తిప్పితే ఉప్పు నీళ్లు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, తుడుచుకున్నాక కూడా ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్ రూ.80. స్నానానికి వేడినీళ్లు బకెట్ రూ.40, అవీ ఆ ఉప్పు నీళ్లే. బాత్రూమ్ తలుపు మీద మాత్రం 'నీటిని పొదుపుగా వాడండి' అని స్టిక్కర్. ఆ తలుపు వెనకే ఫ్లష్ ట్యాంకు ధారగా కారిపోతోంది. రాత్రి పదకొండింటికి కిందికి దిగి చెప్తే, "ఉప్పు నీళ్లే కదా సార్, పోతే పోనీండి" అన్నాడు ఆ కుర్రాడే.

నాకు ఒళ్లు మండింది అక్కడే. తీరం పక్క ఊళ్లలో భూమిలోంచి మంచినీళ్లు తోడేకొద్దీ ఆ ఖాళీలోకి సముద్రపు నీరు చొచ్చుకొస్తుంది. ఒకసారి చొరబడ్డాక దాన్ని వెనక్కి పంపడం తేలికైన పని కాదు. వానలకి చెరువులు నిండి భూమిలోకి ఇంకితేనే ఆ ఉప్పుని కాస్తయినా ఆపేది. ఇదంతా చెప్పే ఓపిక నాకూ లేదు, వినే ఓపిక వాడికీ లేదు. రాత్రంతా ఆ ట్యాంకు చప్పుడు వింటూ పడుకున్నాం.

పొద్దున్నే మా బావమరిది కారులో శ్రీహరికోట రోడ్డెక్కాం. సరస్సు మధ్యలోంచి పోయే ఆ రోడ్డు మీద కారు నడపడమే ఒక టూరు అంటాడు వాడు. కాదనను. అటకానితిప్ప దగ్గర ఆగితే దూరంగా లోతు లేని నీళ్లలో ఫ్లెమింగోలు బారులు తీరి, ముక్కులు బురదలో ముంచి తింటున్నాయి. సరిగ్గా అప్పుడే ఎవరో డ్రోన్ ఎగరేశారు. గుంపు గుంపంతా లేచి కనుచూపు మేర దాటిపోయింది. మా చిన్నది ఒకటే ఏడుపు. పక్షుల అభయారణ్యంలో డ్రోన్ ఎగరేసేవాళ్లని ఏమనాలో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయలేను.

ఆ రోడ్డు గురించి ఇంకో మాట. చూడ్డానికి అందంగానే ఉంటుంది కానీ సరస్సుని అడ్డంగా కోసేసింది. నీళ్లు అటూ ఇటూ పారడానికి కింద ఉన్న తూములే దిక్కు. దానికి తోడు సరస్సు సముద్రంలో కలిసే రాయదొరువు లాంటి ముఖద్వారాలు (ఇక్కడివాళ్ల మాటలో మొగలు) ఇసుకతో పూడిపోతున్నాయి. సముద్రపు నీరు లోపలికి రాకపోతే దాంతో వచ్చే చేప పిల్లలు, రొయ్య పిల్లలు కూడా రావు. గట్టున వల సర్దుకుంటున్న పెద్దాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: "మొగ మూసుకుంటే మాకూ పస్తే సామీ, ఆ పిట్టలకీ పస్తే."

ఆ మాట ఎంత నిజమో నేలపట్టులో అర్థమైంది. సూళ్లూరుపేటకి ఉత్తరంగా, దొరవారిసత్రం దగ్గర హైవే దిగితే వస్తుంది. 1976 నుంచి అభయారణ్యం. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెడతాయి, మేతకి మాత్రం పులికాట్ దాకా వెళ్లొస్తాయి. అంటే అక్కడి ముఖద్వారం మూసుకుంటే ఇక్కడ గూట్లో పిల్లకి తిండి ఉండదు. వాచ్ టవర్ మీంచి చూస్తుంటే ఒక తల్లి వచ్చి వాలింది. పిల్ల దాని నోట్లోకి మెడ దాకా తల దూర్చేసి, ముక్కు కింది సంచిలోంచి చేపలు లాక్కుని తింటోంది. రెండు రెక్కలూ కొట్టుకుంటున్నాయి, తల మాత్రం బయటికి రాదు. "మింగేస్తోంది నాన్నా!" అని మావాడు కంగారు. పొద్దుట్నుంచీ మొహం ముడుచుకుని ఉన్న మా ఆవిడ అక్కడే మొదటిసారి నవ్వింది.

రెట్టల వాసన గుప్పుమంటుంది, అది ముందే చెప్పాలి. మేం ముక్కులు మూసుకుంటుంటే కట్ట మీద పశువుల్ని తోలుకొస్తున్న రైతు నవ్వాడు. "మీకు కంపు, మాకు ఎరువు నాయనా. ఈ నీళ్లు పారితే మడికి యూరియా పెద్దగా అక్కర్లేదు" అన్నాడు. చెరువు నిండితేనే పక్షులు వస్తాయి, పక్షులు వస్తే పైరు బాగుంటుంది. అందుకే ఈ ఊళ్లవాళ్లు వాటి మీద ఒక్క రాయి కూడా వేయనివ్వరు. లాడ్జి స్టిక్కర్ చేయలేని పని ఈ రెట్టలు చేస్తున్నాయి.

మధ్యాహ్నం హైవే పక్క మెస్‌లో భోజనం రూ.120, చేపల పులుసు విడిగా రూ.90. బాగుంది, అంతే.

నన్నడిగితే గది నెల్లూరులో తీసుకుని తెల్లవారుజామునే బయల్దేరండి. ముందు నేలపట్టు, తర్వాత పులికాట్. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో జనం, మైకులు, ట్రాఫిక్ తప్ప పక్షుల్ని తీరిగ్గా చూసేది ఉండదు. పండగ లేని డిసెంబరు, జనవరి రోజులు మేలు. బైనాక్యులర్స్ తప్పనిసరి. తాగే నీళ్లు మాత్రం ఇంటి దగ్గరే పట్టుకెళ్లండి.