సంబంధాలు చూసే ఇంట్లో క్రిస్మస్: 'సింగిల్ ఆల్ ద వే'

డిసెంబరు వచ్చిందంటే ఒంగోలులో మా వీధి మేడల మీద నక్షత్రాలు వెలుగుతాయి, సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి, అర్ధరాత్రి దాటాక కేరల్స్ వాళ్ళు వచ్చి తలుపు తడతారు. అలా వాళ్ళ కోసం మేలుకుని ఉన్న ఒక రాత్రి, సండే స్కూలు పిల్లల చేత ఏటా క్రిస్మస్ నాటకం వేయించే మా అమ్మతో కలిసి నెట్‌ఫ్లిక్స్‌లో 'సింగిల్ ఆల్ ద వే' చూశాను. మైకేల్ మేయర్ దర్శకత్వంలో 2021 డిసెంబరు 2న విడుదలైన ఈ చిత్రం ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథ.

లాస్ ఏంజెలస్‌లో ప్రకటనల పనితో విసిగిపోయిన పీటర్, ఈసారి కూడా ఒంటరిగా వెళితే ఇంటిల్లిపాదీ జాలిపడతారన్న భయంతో, తనతో కలిసి ఉంటున్న ప్రాణస్నేహితుడు నిక్‌ను ప్రియుడిగా నటించమని బతిమాలి న్యూహాంప్‌షైర్‌లోని సొంతూరికి తీసుకువెళతాడు. ఆ అబద్ధం నోరు దాటకముందే తల్లి కేరల్, తనకు వ్యాయామం నేర్పే జేమ్స్‌ను కొడుకు కోసం చూసి పెట్టి ఉంటుంది.

అక్కడి నుంచి ఇది మనకు కొట్టిన పిండి అయిన సంబంధాల కథే. తల్లిది జేమ్స్ పక్షం, తండ్రీ మేనకోడళ్ళూ నిక్ పక్షం. ఇంట్లో రచ్చంతా వరుడు ఎవరన్న దాని మీదే తప్ప, మగవాడికి మగవాడేమిటన్న ప్రశ్న ఎవరి నోటా రాదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఇటువంటి ప్రేమను చట్టం నేరంగా చూసిన దేశంలో కూర్చున్న నాకు, తెర మీది మంచు కన్నా ఆ మామూలుతనమే ఎక్కువ విడ్డూరంగా, ముచ్చటగా తోచింది.

అమ్మకు నచ్చింది మాత్రం శాండీ పిన్ని. ఊరి పిల్లల చేత యేసు పుట్టుక నాటకం ఆడించడానికి ఆ పాత్రలో జెన్నిఫర్ కూలిడ్జ్ పడే అవస్థ చూసి, తలకు తువ్వాలు చుట్టిన గొల్లలు వేదిక మీదే కొట్టుకున్న సంవత్సరాలన్నీ గుర్తొచ్చి, అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. కూలిడ్జ్ కనిపించని సన్నివేశాలు కాస్త చప్పగానే ఉంటాయి.

లోపాలు లేకపోలేదు. చివరికి ఎవరు ఎవరి చెంతకు చేరతారో మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది. ఏ తప్పూ చేయని జేమ్స్‌ను ల్యూక్ మెక్‌ఫార్లేన్ ఎంత హుందాగా పోషించాడంటే, అతన్ని అంత తేలిగ్గా పక్కకు తప్పించడం రచయిత చేతకానితనంగా కనిపిస్తుంది. పీటర్‌గా మైకేల్ యూరీ తడబాట్లు సహజంగా ఉన్నా, మనసులో మాట కళ్ళలోనే దాచుకున్న నిక్‌గా ఫిలెమన్ చేంబర్స్ నాకు ఇంకా బాగా నచ్చాడు. మొక్కలంటే ప్రాణమైన పీటర్ కోసం ఊళ్ళో ఖాళీగా ఉన్న కొట్టును నిక్ అద్దెకు మాట్లాడడం, పొడుగాటి ప్రేమ సంభాషణలన్నిటినీ మించి పలికింది.

సుమారు గంటా నలభై నిమిషాల సినిమా. పిల్లలను లేపి పంపించాల్సిన ఘట్టం ఒక్కటీ లేదు. ఇద్దరు మగవాళ్ళ ప్రేమ గురించి చివరిదాకా ఒక్క మాట కూడా అనని అమ్మ, పేర్లు పడుతుండగా మాత్రం "అంత మంచులో మొక్కల కొట్టు ఎట్టా నడుస్తదిరా?" అని అడిగింది.