ఎన్‌ఎఫ్‌ఎల్, సీఎఫ్‌ఎల్: నాలుగు డౌన్లా, మూడు డౌన్లా?

బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే, విసిరే తరహా ఫుట్‌బాల్‌కు అమెరికాలో ఎన్‌ఎఫ్‌ఎల్, కెనడాలో సీఎఫ్‌ఎల్ అనే లీగ్‌లున్నాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు, సీఎఫ్‌ఎల్‌లో 9. డబ్బు, హంగామా చూస్తే అసలు పోలికే లేదు. ఆట విషయంలో మాత్రం నా ఓటు కెనడాకే.

అసలు తేడా డౌన్లలోనే, అంటే బంతిని ముందుకు తీసుకెళ్లడానికి దొరికే అవకాశాల్లోనే ఉంది. రెండు చోట్లా బంతిని 10 గజాలు ముందుకు తీసుకెళ్లాలి. అందుకు అమెరికాలో నాలుగు అవకాశాలు, కెనడాలో మూడే. చివరిదాన్ని ఎక్కువగా బంతిని ప్రత్యర్థి వైపు దూరంగా తన్నేయడానికే వాడతారు కాబట్టి, కెనడా జట్టుకు నిజంగా మిగిలేవి రెండు. మొదటిది వృథా అయిందా, రెండోదానికి టెన్షనే! అందుకే అక్కడ పాస్‌ల మీద, అంటే బంతిని ముందుకు విసరడం మీద ఎక్కువ ఆధారపడతారు. పైగా జట్టుకు 12 మంది. స్నాప్‌కు (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడానికి) ముందే రిసీవర్లు, అంటే విసిరిన బంతిని పట్టుకునేవాళ్లు, ముందుకు పరుగు అందుకోవచ్చు. అమెరికాలో 11 మందే, ఆ వెసులుబాటూ లేదు.

కెనడా మైదానం 110 గజాల పొడవు, అమెరికాది 100. అయితే 2027 నుంచి తామూ 100 గజాలకు తగ్గిస్తామని సీఎఫ్‌ఎల్ 2025లో ప్రకటించింది. ఇది నాకు అస్సలు నచ్చలేదు. మూడు డౌన్ల జోలికి మాత్రం పోలేదు, సంతోషం.

ముందు వరుసలో ఢీకొనే లైన్‌మెన్ బలాబలాలు, వ్యూహాలు ఓపిగ్గా గమనించేవాళ్లకు ఎన్‌ఎఫ్‌ఎల్ బాగుంటుంది. కొత్తవాళ్లయితే నవంబరులో జరిగే సీఎఫ్‌ఎల్ ఫైనల్ గ్రే కప్‌తో మొదలుపెట్టండి.