పోర్టబుల్ ఆపరేషన్‌కి లిథియం బ్యాటరీ కొంటున్నారా? ముందు హెడ్‌లైట్ బల్బు పెట్టి చూడండి

సూటిగా చెబుతాను. హ్యామ్ రేడియోని (లైసెన్సు తీసుకుని సరదాగా దూరదేశాల వాళ్ళతో మాట్లాడే రేడియో) బయటికి తీసుకెళ్ళి ఆపరేట్ చేయడానికి ఆన్‌లైన్‌లో 20 ఆంపియర్ అవర్ (ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇస్తుందో చెప్పే లెక్క) లిథియం బ్యాటరీ కొన్నాను. రూ. 7,400 పెట్టాను. వచ్చినదాంట్లో మూడో వంతు సత్తా కూడా లేదు. మిగతాది సిమెంటు. ఏదో మాటవరసకు అనడం లేదు, డబ్బాలో నిజంగానే సిమెంటు ముక్క ఉంది.

అమ్మినవాడి పేరు రాయను. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా ఇలాంటి పేజీలు రేపు ఇంకో పేరుతో వస్తాయి, పేరు చెప్పీ లాభం లేదు. సరుకును గుర్తుపట్టండి చాలు. నీలం ప్లాస్టిక్ డబ్బా, మూతకు స్క్రూలు ఉండవు, చుట్టూ జిగురు పెట్టి అంటించేసి ఉంటుంది. పైన 12.8 వోల్టులు, 20 ఆంపియర్ అవర్, 40 ఆంపియర్ బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) అని స్టిక్కరు. హ్యామ్ రేడియోకి ప్రత్యేకం అని కూడా రాసుంటుంది. నేను పడింది ఆ మాటకే.

మాది కావలి. జనరల్ గ్రేడ్ లైసెన్సు వచ్చాక 100 వాట్ల హెచ్‌ఎఫ్ (దూరాలకు పోయే షార్ట్‌వేవ్) రేడియో కొన్నాను. ఇంట్లో యాంటెన్నా వేస్తే చుట్టుపక్కల ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ బల్బుల గోల తప్ప ఏమీ వినపడదు. అందుకే 2024 అక్టోబరు 26, 27న జరిగే సీక్యూ వరల్డ్ వైడ్ ఫోన్ కాంటెస్టుకి (ప్రపంచవ్యాప్తంగా హ్యామ్‌లు వీలైనంత మందితో మాట్లాడే పోటీ) తుమ్మలపెంట బీచ్‌కి పోదామని ముందే అనుకున్నాను. ఉప్పునీళ్ళ పక్కన నిలువు యాంటెన్నా పెడితే సిగ్నల్ తక్కువ కోణంలో బయల్దేరి చాలా దూరం పోతుంది. పైగా సూర్యుడి మచ్చలు పెరిగి తగ్గే 25వ చక్రం మంచి ఊపుమీదున్న రోజులు, 15, 10 మీటర్ల బ్యాండ్లు ప్రపంచమంతా తెరుచుకుంటున్నాయి. ఇంతకంటే మంచి అదను మళ్ళీ ఎప్పుడొస్తుంది?

కాంటెస్టు మనకు శనివారం పొద్దున అయిదున్నరకు మొదలవుతుంది. నేనూ మా బామ్మర్దీ చీకటితోనే కారేసుకుని పోయాం. ఫైబర్ గాలపు కర్రకు మూడున్నర మీటర్ల తీగ చుట్టి నీళ్ళ అంచున నిలబెట్టాం, కింద నాలుగు రేడియల్స్ (నేల మీద పరిచే తీగలు) పరిచాం. యాంటెన్నా ఎంత కుదిరిందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ 1.3, అంటే బాగానే ఉంది. రేడియో ఆన్ చేస్తే 15 మీటర్ల మీద జపాన్ వాళ్ళు పక్క వీధిలో మాట్లాడుతున్నట్టు వినిపించారు. బామ్మర్ది లాప్‌టాప్‌లో ఎవరితో మాట్లాడామో రాసుకునే లాగింగ్ తెరిచి పులిబొంగరాల పొట్లం విప్పాడు.

మైకు పట్టుకుని కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు పేరు) సగం చెప్పానో లేదో, రేడియో ఆరిపోయింది.

"బావా, పోయింది" అన్నాడు వాడు.

మళ్ళీ ఆన్ చేశాను. వినడానికి అమృతంలా ఉంది. తెర మీద వోల్టేజి 13.2. మాట్లాడితే మాత్రం ఠపీమని ఆరిపోతోంది. నెమ్మదిగా మాట్లాడితే ఒక్కోసారి నిలబడుతోంది, గొంతు పెంచితే చచ్చిపోతోంది. ఒక జపాన్ స్టేషన్ మూడుసార్లు నన్ను పిలిచి, ఇక విసిగి వేరే వాళ్ళ దగ్గరికి పోయింది. దాదాపు గంటన్నర నేను యాంటెన్నాను తిట్టుకుంటూ గడిపాను. ఫ్యూజు చూశాను, కనెక్టర్లు ఊడదీసి మళ్ళీ పెట్టాను, యాంటెన్నా కేబుల్ మార్చాను, ప్రసారం తిరిగి రేడియోలోకే వస్తోందేమోనని రేడియల్స్ జరిపాను. కొత్త బ్యాటరీ మీదికి అనుమానమే పోలేదు. కొత్తది కదా!

ఈలోపు వేట నుంచి వచ్చిన ఒకాయన నిలబడి చూస్తున్నాడు. "ఏంది సామీ, తుపాను ఏమన్నా ఉందా?" అన్నాడు. లేదన్నా, పోటీ అన్నాను. ఎవరితో అన్నాడు. ప్రపంచమంతా ఉన్నారు అంటే, ఆరిపోయిన రేడియో వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

చివరికి పవర్ 20 వాట్లకు తగ్గిస్తే నిలబడింది. ఆశ పుట్టింది. రెండు గంటలు కాకముందే అది కూడా పోయింది. ఇక కారు బ్యాటరీకి తగిలించి సాయంత్రం దాకా లాగాం. మొత్తం 37 కాంటాక్టులు. తర్వాత కారు స్టార్ట్ కాలేదు. ఇందాకటి ఆయనే మరో ఇద్దరిని తీసుకొచ్చి నెట్టాడు.

అసలు కిటుకు ఇంటికొచ్చాక అర్థమైంది. 100 వాట్ల రేడియో వింటున్నప్పుడు ఒకటి రెండు ఆంపియర్లు తీసుకుంటుంది, అంతే. గట్టిగా మాట్లాడిన క్షణంలో మాత్రం 20 ఆంపియర్ల పైన లాగుతుంది. ఆ క్షణంలో నాసిరకం సెల్స్ వోల్టేజి కుంగిపోతుంది, బీఎంఎస్ కట్ చేసేస్తుంది. ఎస్‌ఎస్‌బీలో, అంటే మేం మాటలు పంపే పద్ధతిలో, కరెంటు మన గొంతును బట్టి ఎగిరిపడుతుంది కాబట్టే నాకది ఒకసారి పనిచేసి ఒకసారి చచ్చినట్టు కనిపించింది. 5 వాట్లతోనే సరిపెట్టుకునే క్యూఆర్‌పీ వాళ్ళకైతే ఈ మోసం చాలా కాలం బయటపడదు. 50 వాట్ల లోపే వాడే రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ (కింది స్థాయి లైసెన్సు) వాళ్ళకు కూడా తొందరగా తెలియకపోవచ్చు.

మల్టీమీటర్‌ని నమ్మకండి. ఈ బ్యాటరీల్లో ఉండే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గుణమే అది. నిండుగా ఉన్నా, సగం ఖాళీ అయినా దాదాపు 13.2 దగ్గరే నిలబడుతుంది. అందులో 20 ఆంపియర్ అవర్లు ఉన్నాయో ఆరే ఉన్నాయో వోల్టేజి చెప్పదు. బరువును కూడా నమ్మకండి. నేను పార్సిల్ రాగానే కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను, 2.4 కిలోలు తూగింది, సరైన బరువే అని మురిసిపోయాను. ఆ సిమెంటు పెట్టింది నాలాంటి తెలివైన వాళ్ళ కోసమే.

హెడ్‌లైట్ బల్బు మాత్రం అబద్ధం చెప్పదు. మెకానిక్ షెడ్డులో దొరికే 12 వోల్టుల హెచ్4 బల్బు చాలు, అందులో 60, 55 వాట్ల ఫిలమెంట్లు రెండుంటాయి. బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేసి 55 వాట్ల ఫిలమెంటు ఒక్కటే వెలిగించి టైమ్ చూడండి. అసలైన 20 ఆంపియర్ అవర్ బ్యాటరీ దాదాపు నాలుగు గంటలు వెలిగించాలి. నాది గంటా ఇరవై నిమిషాలకు ఆరిపోయింది, అంటే ఆరు ఆంపియర్ అవర్ల చిల్లర. బల్బు బాగా కాలుతుంది, చెక్క మీదో ప్లాస్టిక్ మీదో పెట్టకండి.

ఇది కెపాసిటీ సంగతి. రేడియో లాగే కరెంటుకు తట్టుకుంటుందా అన్నది వేరే పరీక్ష. రెండు బల్బుల నాలుగు ఫిలమెంట్లూ కలిపి వెలిగిస్తే 230 వాట్లు, అంటే దగ్గర దగ్గర 20 ఆంపియర్లు. నాలుగూ ఒకేసారి కలపకండి, చల్లటి ఫిలమెంటు మొదటి క్షణంలో చాలా రెట్లు ఎక్కువ లాగుతుంది, మంచి బీఎంఎస్ కూడా కట్ చేసేయవచ్చు. ఒకటి వెలిగాక ఇంకొకటి. నాలుగూ వెలుగుతుండగా నేరుగా బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర వోల్టేజి చూడండి, 12 పైన నిలకడగా ఉండాలి. నాది మూడో ఫిలమెంటుకే చేతులెత్తేసింది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. కోపంతో హాక్సా బ్లేడు పెట్టి డబ్బా కోసేశాను. లోపల ఒకే వరసలో నాలుగు గుండ్రటి సెల్స్, వాటి మీద పాత వెల్డింగ్ మచ్చలు, అంటే ఎక్కడో వాడి తీసేసినవి. బీఎంఎస్ మీద 40 ఆంపియర్లు అని లేనే లేదు, దాని తీగలు ఛార్జర్ తీగల్లా ఉన్నాయి. పక్కన ఫోమ్ చుట్టిన సిమెంటు ముక్క. అమ్మినవాడికి ఫోటోలు పంపితే అతని జవాబు ఒక్కటే: "మీరే తెరిచారు సార్, వారంటీ పోయింది." తెరవకండి. పార్సిల్ విప్పేటప్పటి నుంచి బల్బు ఆరేదాకా, గడియారం కనపడేలా వీడియో తీసిపెట్టుకోండి. బిల్లు అడగండి. నాకు వచ్చింది ఎస్టిమేట్ అని రాసిన తెల్ల కాగితం, యూపీఐ రసీదు ఒక్కటే ఇప్పుడు నన్ను కాపాడుతున్నది.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్ళు తాముండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు. ఫిర్యాదు అందాక అతనే ఫోన్ చేసి సగం డబ్బు ఇస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు.

ఒప్పుకోకపోవడానికి డబ్బొక్కటే కారణం కాదు. ఆ బీచ్‌లో ఆయన తుపాను ఉందా అని అడిగిన మాట నన్ను వదలడం లేదు. 2004 డిసెంబరు సునామీ నాడు అండమాన్‌లో సరదాగా డీఎక్స్‌పెడిషన్‌కి (మారుమూల చోటి నుంచి ప్రపంచంతో మాట్లాడే యాత్ర) వెళ్ళిన హ్యామ్ భారతీ ప్రసాద్ బృందం, అవే రేడియోలతో అక్కడి క్షేమసమాచారాలు బయటికి చేరవేసింది. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నప్పుడు మన జిల్లా ఎలా ఉందో చూశాం. అలాంటి రాత్రి ఈ నీలం డబ్బా నమ్ముకుని కూర్చుని ఉంటే?

ఇది రాసే ముందు మళ్ళీ చూశాను. అదే డబ్బా, అదే ఫోటో. ఇప్పుడు 24 ఆంపియర్ అవర్ అని స్టిక్కరు మార్చాడు, ధర మాత్రం రూ. 6,900. "స్టాక్ రెండే ఉన్నాయి" అని కింద రాసుంది.