ఎలక్ట్రిక్ కారు, 11 నెలలు, 17 వేల 600 కిలోమీటర్లు: హన్మకొండ నుంచి ఉన్నదున్నట్టు

ముందే చెప్తున్న, ఇది టచ్ స్క్రీన్ ఎన్ని ఇంచులు, సన్‌రూఫ్ ఉన్నదా లేదా అనే రివ్యూ కాదు. పైసలు ఎంత పోతున్నయ్, పొద్దుగాల లేస్తే బండి కదులుతదా లేదా, నాకు ఆ రెండే ముఖ్యం. కంపెనీ పేరు రాస్తలేను, కింద నాలుగు తిట్లు ఉన్నయ్ కాబట్టి. 25 యూనిట్ల లోపు బ్యాటరీ ఉన్న చిన్న బండి అనుకోండి, నలుగురు మంచిగ కూసుంటరు, ఐదో మనిషి ఎక్కితే నడుమ కూసున్నోడు రెండు దిక్కుల తిట్లు తింటడు.

మా ఇంటామె టీచర్, బడి పరకాల తొవ్వల ఒక ఊర్లె. పోనురాను 60 కిలోమీటర్లు. దానికి తోడు బజారు, దవాఖాన, పెండ్లిళ్ళు, పేరంటాలు అన్నీ కలిపితే నెలకు 1600 తిరుగుతది బండి. పాత పెట్రోల్ బండి లీటరుకు 16 ఇచ్చేది, అంటే నెలకు 100 లీటర్లు, లీటరు 107 చొప్పున 10,700 బంకుల పోసి వచ్చేటోళ్ళం. ఆర్టీసీ బస్సు ఆడోళ్ళకు ఫ్రీయే కదరా, కారెందుకు అని మా అమ్మ రోజూ అనేది. నిజమే, కానీ బస్సు దిగినంక బడికి ఇంకో మూడు కిలోమీటర్లు ఉంటది, అక్కడ ఆటో దొరికితే దొరికినట్టు లేకపోతే లేదు.

కొన్న టైమ్‌ల మాకు కలిసొచ్చింది ట్యాక్సు. 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా తెలంగాణల ఈవీలకు, అంటే ఎలక్ట్రిక్ బండ్లకు, రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ ఉన్నది. అప్పట్ల 10 నుంచి 20 లక్షల లోపు పెట్రోల్ బండికి 17 శాతం లైఫ్ ట్యాక్స్ పడేది కదా, 11 లక్షల బండి అనుకుంటే 1,87,000. పెట్రోల్ బండికన్న ఇది రేటు ఎక్కువ అని అందరు అంటరు గనీ ఆన్‌రోడ్ కాడికి వచ్చేసరికి ఆ తేడా చానా మటుకు కరిగిపోయింది.

ఇగ అసలు ముచ్చట. ఈవీ కొనాలంటే ముందు పోవాల్సింది షోరూమ్‌కు కాదు, మీ ఇంటి మీటర్ బోర్డు కాడికి. నేను ఉల్టా చేసిన, బుకింగ్ అయినంక చార్జర్ బిగించేటాయన వచ్చి ప్లగ్గుల టెస్టర్ పెట్టి సార్ మీ ఇంట్ల ఎర్త్ లేదు, అంటే లీకైన కరెంటును భూమిలకు పంపే వైరు లేదు అన్నడు. పాతికేండ్ల సంది ఫ్రిజ్జు, టీవీ, మోటరు అన్నీ నడుస్తున్నయ్ కదా అంటే, అవి ఎర్త్ లేకున్నా నడుస్తయ్ సార్, ఇది నడవదు అన్నడు. కారు చార్జరు ముందు ఎర్త్ సక్కగ ఉన్నదా లేదా చూసుకుంటది, లేకపోతే ఎర్ర లైటు వేసి ఊకుంటది, ఎంత బతిమాలినా ఎక్కదు. మట్టెవాడ, గిర్మాజీపేట దిక్కు పాత ఇండ్లల్ల ఉండేటోళ్ళు ఇది తప్పకుండ చూపించుకోండి.

ఇగ ఏం చేస్తం, గోడ పక్కన ఆరు ఫీట్ల గుంత తవ్వించి, పైపు దింపి, బొగ్గు ఒక పొర ఉప్పు ఒక పొర వేసి పూడిపించినం. మీటర్ నుంచి పోర్టికో దాకా విడిగ మందం వైరు, వేరే ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్చు), 15 ఆంప్స్ ప్లగ్గు. అన్నీ కలిపి 9,500 అయింది, ఇది షోరూమ్ల ఎవరూ చెప్పలే. లోడ్ కూడా 2 కిలోవాట్ల నుంచి 5 కి పెంచుకోవాల్సి వచ్చింది, దాని పైసలు వేరే. ఇంకో తమాషా ఏందంటే మే నెల ఎండలకు ఆ గుంత ఎండిపోయి ఒక రాత్రి మళ్ల ఎర్ర లైటు వచ్చింది. కరెంటాయనకు ఫోన్ చేస్తే రెండు బకెట్ల నీళ్ళు పోయి సార్ అన్నడు, పోసిన, పావుగంటల చార్జింగ్ ఎక్కింది. అప్పటి సంది ఎండకాలం వారానికోసారి గుంతల నీళ్ళు పోస్తున్న, మా అమ్మేమో కారుకు నీళ్ళు తాపుతున్నవారా అని నవ్వుతది.

ఫాస్ట్ చార్జర్ ఇంట్ల పెట్టించుకోవాలా అని అడుగుతరు చానామంది. మాకైతే అవసరం పడలే. మామూలు 15 ఆంప్స్ ప్లగ్గుల 10 శాతం నుంచి ఫుల్ కావాలంటే 8, 9 గంటలు పడుతది, కానీ రోజూ 60 కిలోమీటర్లకు తినేది 8, 9 యూనిట్లే కదా, మూడు గంటల్ల అయిపోతది. రాత్రి అన్నం తిన్నంక పెడితే సీరియల్ చూసి పండుకునే లోపల అయిపోయి ఉంటది.

ఇప్పుడు కరెంటు లెక్క చూద్దాం, ఇక్కడ్నే యూట్యూబోళ్ళు అందర్ని ఆగం చేస్తున్నరు. యూనిట్ 5 రూపాయలు, కిలోమీటరుకు 70 పైసలు అని చెప్తరు. మన కాడ స్లాబులు ఉన్నయ్ సారూ. నెలకు 200 దాటితే మొదటి 200 యూనిట్లకు 5.10, ఆ పైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, అటెన్క 800 దాకా 9.50. నేను కట్టిన బిల్లుల ప్రకారం చెప్తున్న. మా ఇంటికి కారు లేకముందు 220 యూనిట్లు వచ్చేది, ఫిక్స్‌డ్ చార్జీలు అవీ ఇవీ పక్కన పెడితే 1,174 రూపాయలు. కారు వచ్చినంక 230 యూనిట్లు కలిసి 450 అయింది, బిల్లు 3,165. అంటే కారుకు పోయింది 1,991, యూనిట్‌కు 8 రూపాయల 66 పైసలు పడ్డట్టు. ఐదు ఎక్కడ, ఎనిమిదిన్నర ఎక్కడ! ఎందుకంటే కారు తినే యూనిట్లు అన్నీ పై స్లాబులల్లనే పోయి కూసుంటయ్. అయినా కిలోమీటరుకు రూపాయి పావలా కాడ పడుతుంది, 10,700 పోయే కాడ 2 వేలు పోతున్నయ్, నాకైతే దుఃఖం లేదు.

దుఃఖం మా పక్కింటాయనకు వచ్చింది. ఆయనది కారు కాదు, కొడుకు కొన్న ఎలక్ట్రిక్ స్కూటరు. వాళ్ళకు గృహజ్యోతి, అంటే నెలకు 200 యూనిట్ల దాకా ఫ్రీ కరెంటు ఇచ్చే సర్కారు స్కీము ఉన్నది, నెలకు 180 దాకా వాడేటోళ్ళు, జీరో బిల్లు. స్కూటర్ చార్జింగ్‌కు ఎక్కువల ఎక్కువ 30 యూనిట్లు అయితయి, కానీ 180 కి 30 కలిస్తే 210, 200 దాటింది అంటే జీరో పోయి మొత్తం బిల్లు కట్టాలె, లెక్క చేస్తే 1,097. ముప్పై యూనిట్ల కరెంటుకు వెయ్యి చిల్లర! పెట్రోల్ స్కూటరే నయముండె కదా అని తలకాయ పట్టుకున్నడు పాపం. ఇప్పుడు ఆ పిలగాడు పనిచేసే కాడ పెట్టుకుంటున్నడు చార్జింగ్. జీరో బిల్లు ఉన్నోళ్ళు, 200 కు దగ్గర దగ్గర ఉన్నోళ్ళు పోయిన ఏడాది బిల్లులు ముందలేసుకోండి, ముఖ్యంగ ఏప్రిల్, మే బిల్లులు, కూలర్, ఏసీ నడిచే నెలలవి.

రేంజ్ సంగతి. కంపెనీ కాయితం మీద 300 పైన ఉంటది, అది ఎవరికీ రాదు, ఆశ పెట్టుకోకండి. ఊర్లె, పరకాల రోడ్డు మీద నిమ్మలంగ నడిపితే 195 నుంచి 205 వస్తుంది, చలికాలం పొద్దుగాల ఏసీ లేకుంట పోతే ఇంకొంచెం ఎక్కువే. మే నెలల మధ్యాహ్నం బడి కాడ ఎండల నిలబెట్టిన బండి ఎక్కితే ముందు ఐదు నిమిషాలు అది పొయ్యి లెక్కనే ఉంటది, ఏసీ ఫుల్ల పెట్టాలె, అప్పుడు 170, 175 కు దిగుతది. హైవే మీద 95, 100 ల పోతే 155. అంటే స్పీడుకు తింటది ఎక్కువ, ట్రాఫిక్‌ల తినేది తక్కువ, పెట్రోల్ బండికి పూరా ఉల్టా. నక్కలగుట్ట నుంచి కాజీపేట దాకా ఆగుకుంట ఆగుకుంట పోతే, యాక్సిలరేటర్ మీదికెల్లి కాలు తీసిన ప్రతిసారి కరెంటు మళ్ల బ్యాటరీలకే పోతది కదా, బ్రేకు తొక్కుడు కూడా తగ్గింది. 17 వేల కిలోమీటర్లకు బ్రేక్ ప్యాడ్లు ఇంకా కొత్తగనే ఉన్నయ్ అన్నడు మెకానిక్. టైర్లు మాత్రం తొందరగ అరుగుతున్నయ్, బరువెక్కువ, ఎత్తుకునే జోరు ఎక్కువ.

హైదరాబాద్ పోవుడు. ఫుల్ చార్జ్‌తోటి బయల్దేరితే సికింద్రాబాద్ దాకా పోతది, కాకపోతే చివర్ల 8, 10 శాతం మిగులుతది, అప్పుడు లోపల కూసున్నోళ్ళకు ముచ్చట పెట్టే ధైర్యం ఉండది. అందుకే మేము జనగామ దాటినంక భువనగిరి దిక్కు ఎక్కడన్న ఆగుతం. ఫాస్ట్ చార్జింగ్ 10 నుంచి 80 శాతానికి గంట, 80 దాటినంక నత్త నడక, అక్కడ ఉండి లాభం లేదు, పీకి పోవుడే. యూనిట్ 18 నుంచి 24 దాకా తీసుకుంటున్నరు, అంటే బయట చార్జ్ పెడితే కిలోమీటర్‌కు 3 రూపాయలు దాటుతది. పైసలకన్న చికాకు యాప్‌లది, ఒక్కో స్టేషన్‌కు ఒక్కో యాప్, ఒక్కో దాంట్ల ముందే పైసలు వెయ్యాలె, నాయి నాలుగు యాప్‌లల్ల 600 చిల్లర ఇరుక్కొని ఉన్నయ్. ఒకపారి యాప్‌ల ఖాళీ ఉన్నది అని చూపించిన మిషన్ కాడికి పోతే దానికి గోనెసంచి కప్పి ఉన్నది, పక్కన చాయ్ హోటలాయన అది పది రోజుల సంది ఖరాబు సార్ అన్నడు. అప్పటి సంది యాప్‌ను నమ్ముడు బంద్, దారిల రెండు స్టేషన్లు మనసుల పెట్టుకొనే పోతున్న.

రామప్పకు, లక్నవరానికి పోయొచ్చినం, ఇంటికాడ నింపుకొని పోతే సరిపోయింది, మళ్ల ఇంటికొచ్చే సరికి రామప్ప రోజు 24 శాతం, లక్నవరం రోజు 19. మేడారం మాత్రం ఇంట్ల అందరం కలిసి ఈ బండిల పోలే. పోను వంద, రాను వంద, పైన జాతర ట్రాఫిక్, అమ్మోరి కాడ చార్జింగ్ కోసం తిరుగుడేంది అని మా బావ బండి తీసుకపోయినం. ఆయనది కరీంనగర్, స్ట్రాంగ్ హైబ్రిడ్ ఉన్నది, అంటే పెట్రోల్ ఇంజిను, కరెంటు మోటరు రెండూ ఉన్న బండి.

హైబ్రిడ్ గురించి రెండు ముక్కలు చెప్పాలె, చానామంది దాన్ని కూడా ప్లగ్గుల పెట్టాలె అనుకుంటరు. గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటి వాటిల్ల ఉండేది చిన్న బ్యాటరీ, ఒక యూనిట్ కూడా ఉండది, ఇంజిను, బ్రేకులే దాన్ని నింపుతయ్. ప్లగ్గు లేదు, ఎర్త్ గుంత లేదు, యాప్ లేదు, పెట్రోల్ కొట్టించుకొని పోవుడే. కాయితం మీద లీటరుకు 27.97, మా బావకు 22 వస్తుంది. 107 ను 22 తోటి భాగిస్తే కిలోమీటరుకు 4 రూపాయల 86 పైసలు, నా ఇంటి చార్జింగ్‌కు దాదాపు నాలుగింతలు. నీది ఫోన్‌రా బావా, నాది కారు అని ఎక్కిరిస్తడు ఆయన. నెలకు ఒక్కసారి ఫోన్ చార్జింగ్ మర్చిపోతే ఏమైతదో ఆయనకు తెల్వదు అనుకున్న గనీ, ఆయన లెక్కకు ఆయన కరెక్టే. ఆయన పత్తి, మక్కల బేరాలకు ఇయ్యాల్ల మంచిర్యాల, రేపు ఆదిలాబాద్ అన్నట్టు తిరుగుతడు, ఎక్కడ పండుకుంటడో ఆయనకే తెల్వది, అసొంటోళ్ళకు ఈవీ ఇస్తే ఆగమైతరు.

సర్వీసు. ఇంజిన్ ఆయిల్ లేదు, ఫిల్టర్లు లేవు, రెండు సర్వీసులకు కలిపి 3,200 అయింది. అప్పటిదాకా మంచిగనే ఉన్నది, ఎనిమిదో నెలల ఒక పొద్దున బండి డోరే తెరుచుకోలే. రాత్రి ఫుల్ చార్జ్ పెట్టిన బండి! పెద్ద బ్యాటరీ నిండుగనే ఉన్నది, లోపల మామూలు కార్లల్ల ఉండేసొంటి 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటది, అది చచ్చింది, అది లేకపోతే పెద్దది మేల్కోదు. ఇంటామె ఆ రోజు బస్సుకే పోయింది, మా అమ్మ ఏమన్నదో రాయను. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే ఈవీ మెకానిక్ లీవుల ఉన్నడు, హైదరాబాద్ నుంచి రావాలె, రెండు రోజులు పడుతది అన్నరు. అంతల మా గల్లీల ఆటో ఎలక్ట్రీషియన్ పిలగాడు వైర్లు పట్టుకొచ్చి పది నిమిషాలల్ల లేపిండు, వంద రూపాయలు తీసుకున్నడు. ఆ చిన్న బ్యాటరీ వారెంటీల మార్చిచ్చిండ్రు, మార్చనీకే తొమ్మిది రోజులు తిప్పిండ్రు.

నీళ్ళ భయం అందరికి ఉన్నదే, 2023 జులై వరదల్ల హంటర్ రోడ్డు దిక్కు ఏమైందో చూసినోళ్ళం కదా. బ్యాటరీకి ఐపీ 67 అని రాస్తరు, అంటే మీటర్ లోతు నీళ్ళల్ల అరగంట ఉన్నా లోపలికి నీళ్ళు పోకుండ ఉండాలె. నేనైతే ఆ పరీక్ష పెట్టదలుచుకోలే, వాన గట్టిగ పడ్డ రాత్రి బండి తీసుకపోయి ఎత్తు మీద ఉన్న మా దోస్తు ఇంటి ముందల పెడుత. ఇన్సూరెన్స్‌ల థర్డ్ పార్టీ ప్రీమియం ఈవీకి 15 శాతం తక్కువ, హైబ్రిడ్‌కు 7.5 శాతం, కానీ బండి విలువ ఎక్కువ కాబట్టి మొత్తం చూస్తే పాత పెట్రోల్ బండికన్న ఎక్కువే కట్టిన.

కిరాయి ఇంట్ల ఉండి, ఓనరు గోడకు మొల కొట్టనియ్యకపోతే ఈవీ ఆలోచనే పెట్టుకోకండి. అపార్ట్‌మెంట్ అయితే పార్కింగ్ కాడికి మీ మీటర్ నుంచి వైరు గుంజనిస్తరా అని అసోసియేషనోళ్ళను కాయితం మీద అడగండి, నోటి మాట నమ్మకండి. సొంతిల్లు, రోజూ పోయే తొవ్వ ఒక్కటే, 50 నుంచి 100 కిలోమీటర్లు, ఇట్ల ఉంటే కండ్లు మూసుకొని కొనొచ్చు. నెలకు 400, 500 తిరిగేటోళ్ళకు మాత్రం ఈ లెక్క వేగంగ గిట్టదు.

ఇగ నేను 3 కిలోవాట్ల సోలార్‌కు పడ్డ, పీఎం సూర్యఘర్ అనే కేంద్రం స్కీము కింద 78 వేల సబ్సిడీ వస్తది, నెలకు 350 యూనిట్ల దాకా వస్తదట, అంటే ఆ 9, 9.50 స్లాబులు రెండూ మాయం. మొన్న కొలతలకు వచ్చినాయన మేడ మీద తిరిగి చూసి, పలకలకు కూడా ఎర్త్ గుంత వేరే తవ్వాలె సార్ అన్నడు. మా అమ్మ అప్పుడే బకెట్లు లెక్కపెడుతుంది.