లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్ (1960) "రీస్టోర్డ్ బ్లూరే" కొనబోతున్నారా, ఆగండి, ముందు ఇది చదవండి

పాత హారర్ కామెడీలు డిస్కుల్లో కొని దాచుకునే ఫ్రెండ్స్ అందరికీ జాగ్రత్త చెబుదామని రాస్తున్నా. రోజర్ కోర్మన్ 1960లో తీసిన బ్లాక్ అండ్ వైట్ లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్ ఉంది కదా, మనుషుల్ని తినే మొక్క సినిమా, దాన్ని "హెచ్‌డీ రీస్టోర్డ్ కలెక్టర్స్ ఎడిషన్" అని బ్లూరే పేరుతో అమ్ముతున్నారు, రీస్టోర్డ్ అంటే పాత ఫిల్మ్‌ని శుభ్రం చేసి కొత్తగా దించింది అని అర్థం. నల్ల అట్ట, దాని మీద తర్వాత పెద్ద హాలీవుడ్ స్టార్ అయిన జాక్ నికల్సన్ మొహం ఇంత పెద్దది. నేను కొన్నాను. ఎవరో పాత వీహెచ్‌ఎస్ టేపుని కంప్యూటర్లోకి ఎక్కించి, సైజు పెంచి, ఖాళీ డిస్కు మీద రాసి అమ్మేస్తున్నారు. పైన పటారం లోన లొటారం అంటే ఇదే.

ఊరికే కోపంలో అంటున్న మాట కాదిది. స్క్రీన్ కింది అంచు చూడండి, అక్కడ సన్నటి పట్టీ ఒకటి పక్కకి జరిగిపోయి, టైటిల్స్ దగ్గర్నుంచి చివరిదాకా వణుకుతూనే ఉంటుంది. వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్లు ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు పడే నాయిస్ అది, పాత ట్యూబ్ టీవీల్లో ఫ్రేమ్ వెనక దాగిపోయేది కాబట్టి అప్పట్లో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. కెమెరాలో తీసిన అసలు నెగెటివ్ నుంచి గానీ థియేటర్ ప్రింట్ నుంచి గానీ స్కాన్ చేస్తే అది వచ్చే ఛాన్సే లేదు. ఇంకోటి, ఈ సినిమా 72 నిమిషాలు, ఈ డిస్కులో 69కే అయిపోయింది. సీన్లు కోసేశారేమో అని చూస్తే అన్నీ ఉన్నాయి, పాల్ (PAL) అనే టీవీ పద్ధతి టేపుల్లో సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25 మీద పరిగెత్తిస్తారు కదా, ఆ టేపుని అలాగే దించేశారు, అందుకే గొంతులన్నీ కొంచెం కీచుగా వినిపిస్తాయి. కంప్యూటర్లో పెట్టి మీడియా టైప్ చూస్తే బీడీ-ఆర్ అని వచ్చింది, అంటే ఫ్యాక్టరీలో ప్రెస్ చేసింది కాదు, కంప్యూటర్ రైటర్లో రాసింది. ఇలాంటివి కొన్ని ప్లేయర్లు అసలు చదవనే చదవవు.

బొమ్మ సంగతి చెప్పాలంటే బాధేస్తుంది. దాదాపు చదరంగా ఉండే 4:3 బొమ్మని 16:9కి సాగదీశారు, మనుషులందరూ పొట్టిగా లావుగా కనిపిస్తారు. అది చాలదన్నట్టు బొమ్మ సైజు పెంచి వివరాలు ఊహించి నింపే ఏదో ఏఐ అప్‌స్కేలర్ కూడా వాడారు, మొహాలు మైనం పూసినట్టు అయిపోయాయి, పూల కొట్టు బోర్డు మీద అక్షరాలు కరిగి అర్థం లేని గీతలైపోయాయి. నలుపు మరీ ముద్దయిపోయింది. చివర్లో మొక్క మొగ్గలు విచ్చుకునే సీన్ ఉంటుంది, చూడనివాళ్ళ కోసం అందులో ఏం కనిపిస్తుందో చెప్పను, కానీ సినిమా మొత్తం కట్టుకొచ్చిన జోకూ భయమూ రెండూ ఆ ఒక్క షాట్‌లో పేలాలి. ఈ డిస్కులో అక్కడ నల్ల ముద్ద తప్ప ఏమీ కనపడదు. మొదటిసారి ఈ డిస్కులోనే చూసేవాళ్ళకి ఆ సీన్ ఎందుకుందో కూడా అర్థం కాదు, నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే.

సబ్‌టైటిల్స్ ఆటోమేటిక్‌గా చేసినవి, ఎవరూ ఒకసారి కూడా చదివి చూసినట్టు లేదు. మెల్ వెల్స్ వేసిన మష్నిక్ పాత్ర, ఆ పూల కొట్టు ఓనరు, మాటల్ని తప్పుగా పలికి నవ్విస్తాడు, సబ్‌టైటిల్ ఏమో ఆ తప్పుల్ని దిద్ది మామూలు వాక్యాలు చేసి పెట్టింది, ఇంక నవ్వెక్కడ. అట్ట మీద ఆడియో కామెంటరీ ఉందని రాశారు, మెనూలో నొక్కితే అదే సినిమా సౌండ్ మళ్ళీ వస్తుంది. వెనక అట్ట మీద ఒక కలర్ ఫొటో ఉంది, అది 1986లో ఫ్రాంక్ ఆజ్ తీసిన మ్యూజికల్‌లోది, అసలు వేరే సినిమా! ఇక ముందున్న నికల్సన్ అయితే ఇందులో కనిపించేది పళ్ళ డాక్టర్ దగ్గరికొచ్చే పేషెంట్‌గా ఒక్క చిన్న సీక్వెన్స్‌లోనే, హీరో జొనథన్ హేజ్ పేరు అట్ట మీద వెతుక్కోవాలి.

సెల్లర్‌కి ఇవన్నీ ఫొటోలతో పంపితే ఏమన్నాడో తెలుసా, "అది లో బడ్జెట్ సినిమా సార్, రెండ్రోజుల్లో తీసింది, క్వాలిటీ అలాగే ఉంటుంది" అని చేతులు దులుపుకున్నాడు. ఈ మాట మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి. రెండు పగళ్ళు ఒక రాత్రిలో ఇంటీరియర్ సీన్లు లాగించేసిన మాట నిజమే, వేరే సినిమాకి వేసిన సెట్ కూల్చేలోపు వాడుకున్న మాటా నిజమే, కానీ తీసింది థియేటర్ సినిమాలు తీసే 35 ఎంఎం ఫిల్మ్ మీద. డబ్బు తక్కువైతే సెట్ చిన్నదవుతుంది, మొక్క అట్టముక్కలా ఉంటుంది, అదంతా ఆ సినిమా అందం, ఫిల్మ్ మీద పడ్డ బొమ్మ మాత్రం మసకబారదు. నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ (1968) సంగతే తీసుకోండి, అదీ చిల్లర డబ్బులతో తీసిందే, టైటిల్ మార్చినప్పుడు కాపీరైట్ నోటీసు ఎగిరిపోయి పబ్లిక్ డొమైన్‌లో పడింది, అంటే హక్కులు ఎవరివీ కావు, ఎవరైనా కాపీ చేసి అమ్ముకోవచ్చు, అందుకే ఏళ్ళ తరబడి మసక కాపీలే దొరికాయి. తర్వాత ఒరిజినల్ నెగెటివ్ నుంచి 4కెలో రీస్టోర్ చేసి 2016లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో వేశారు, ఆ బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. కాబట్టి తప్పు బడ్జెట్‌ది కాదు, కాపీకి కాపీ తీసినవాడిది.

లిటిల్ షాప్ కూడా అమెరికాలో పబ్లిక్ డొమైనే, మొదటి రిలీజ్ అయ్యాక దీనికి ఇంక డబ్బులు రావులే అని కోర్మన్ కాపీరైట్ చేయించనే లేదు. అందుకే ఇన్ని రకాల డిస్కులు, రంగులద్దినవి కూడా ఉన్నాయి. అమ్మడం వరకు నాకేం అభ్యంతరం లేదు, టేపు కాపీ అని చెప్పి అమ్మితే కావాల్సినవాళ్ళు కొనుక్కుంటారు, దానికి "రీస్టోర్డ్" అని పేరు పెట్టడమే మోసం.

కొనే ముందు సెల్లర్‌ని సూటిగా అడగండి, స్కాన్ దేని నుంచి చేశారు, నెగెటివా, 35 ఎంఎం ప్రింటా, ఎవరు చేశారు అని. నిజంగా రీస్టోర్ చేసినవాళ్ళు ఆ వివరం అట్ట మీదే గొప్పగా వేసుకుంటారు, మీరు అడగక్కర్లేదు. ప్రెస్డ్ డిస్కా, బీడీ-ఆరా అని కూడా మెసేజ్‌లోనే అడిగి జవాబు దాచుకోండి, ఫోన్లో మాట్లాడొద్దు. వచ్చాక రిటర్న్ గడువు లోపలే పెట్టి చూడండి, మొదటి ఐదు నిమిషాలు చూసి బాగుందనుకోకుండా చీకటి సీన్లకి వెళ్ళండి, కింది అంచు చూడండి, మెనూలో ఉన్నవన్నీ నొక్కండి.

నాకు సగం డబ్బులిస్తాం, డిస్కు మీరే ఉంచుకోండి అన్నారు, ఒప్పుకోలేదు. అమ్మకం జరిగిన సైట్‌కి ఫొటోలూ వీడియో పెట్టి కంప్లైంట్ ఇచ్చాను, ఇంకా తేలలేదు. మీలో ఎవరైనా ఇదే డిస్కు కొనుంటే మీరూ కంప్లైంట్ పెట్టండి ప్లీజ్, ఒక్కరు పెడితే కస్టమర్‌కి నచ్చలేదంట అని కొట్టిపారేస్తారు, నలుగురు పెడితే ఆ లిస్టింగ్ తీయక తప్పదు.