మూడు తరాల అంత్యాక్షరికి చక్రాల కరావోకే స్పీకర్: ఏం చూసి కొనాలి, ఎలా వాడాలి

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగిళ్లలో కార్తీక వనభోజనాలైనా, పెళ్లికి ముందు రాత్రి సందడైనా ఇప్పుడు చక్రాల కరావోకే స్పీకరే, అంటే వాద్యం మాత్రమే ఉన్న ట్రాకుతో కలిసి మైకులో పాడుకునే డబ్బాయే దిక్కు. 12 అంగుళాల ఊఫరు, రెండు వైర్‌లెస్ మైకులు, బ్లూటూత్, పెన్‌డ్రైవ్ పెట్టుకునే చోటు, ముందు రంగురంగుల దీపాలు. పైన ఏ పేరున్నా లోపలి సరుకు ఇంచుమించు ఒకటే. 10,000 రూపాయల లోపు దొరికే ఈ రకం డబ్బా గురించే ఈ సమీక్ష. తాతగారు ఘంటసాల పాట, అమ్మ సుశీల పాట, పిల్లలు మొన్న విడుదలైన పాట ఒకే సాయంత్రం పాడుకోవడానికి ఇది బాగానే పనికొస్తుంది. అట్టపెట్టె మీద వేసే వాట్ల లెక్కను మాత్రం నమ్మకండి. పాతికమంది కూర్చున్న మేడకి సగం వాల్యూమే ఎక్కువ. అసలు తేడా తెలిసేది శ్రుతి దగ్గర, మైకుల దగ్గర, పాట వెతుక్కునే దగ్గర.

ముందు శ్రుతి సంగతి. ట్రాకులు సాధారణంగా అసలు పాట శ్రుతిలోనే ఉంటాయి. శ్రుతి అంకెలంటే హార్మోనియం తెల్లమెట్ల వరుస, అర అంటే ఆ పక్క నల్లమెట్టు. ఇంట్లో పాడే మగ గొంతుకు ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతులు హాయి. ఆడ గొంతుకు ఐదు, ఐదున్నర, ఆరు. బాలు గారు తారస్థాయిలో అలవోకగా అందుకున్న చరణం మనవాళ్లలో చాలామందికి అందదు. గొంతు చించుకుని సగంలో మైకు ఇచ్చేస్తారు. ఈ ధరలో దొరికే డబ్బాల్లో శ్రుతి మార్చే మీట దాదాపు ఉండదు కాబట్టి, ట్రాకును ఫోన్‌లో శ్రుతి మార్చే యాప్ నుంచి పంపాలి. యాప్‌లో ఒక అంకె అంటే హార్మోనియం మీద ఒక మెట్టు, నల్లమెట్లతో కలిపి. ఒకటి నుంచి ఒకటిన్నరకు ఒక మెట్టు. మూడు నుంచి నాలుగుకీ ఒకటే, మధ్యలో నల్లమెట్టు లేదు కాబట్టి. వయసు మళ్లిన గొంతుకు 2, 3 మెట్లు దింపితే చాలు. 4 దాటితే తబలా మొద్దుబారి వినిపిస్తుంది. ఒకటో శ్రుతిలో ఉన్న మగ పాటను ఐదో శ్రుతి ఆడ గొంతు పాడాలంటే పైకైతే 7 మెట్లు, కిందికైతే 5. ట్రాకు కాస్త బరువెక్కినా దింపడమే మేలు.

తొలి కరావోకే యంత్రాల్లో ఒకటి పుట్టింది ఇలాంటి అవసరంలోంచే. జపాన్‌లోని కోబే నగరంలో దైసుకె ఇనోవే బార్లలో పాడేవాళ్ల పక్కన వాద్యం వాయించేవారు. వాళ్ల గొంతు ఎక్కడుంటే అక్కడికి తన వాద్యాన్ని సర్దేవారు. ఇనోవే వెళ్లలేని ఒక ప్రయాణానికి టేపు చేసిమ్మని ఒకాయన అడగడంతో యంత్రం ఆలోచన వచ్చింది. 1971లో, 100 యెన్ నాణెం వేస్తే నడిచే 11 యంత్రాలు చేయించి అద్దెకిచ్చారు. ఇప్పటి జపాన్ కరావోకే గదుల్లో శ్రుతి పెంచే, తగ్గించే మీట మామూలు విషయం. మన డబ్బాలు చేసేవాళ్లు రంగు దీపాలకు పెట్టే ఖర్చులో కొంత దాని మీద పెడితే ఎంత బాగుండేది!

గొంతు తీసేసే మీట కొన్ని మోడళ్లలో ఉంటుంది. దాని కోసం అదనంగా డబ్బు పెట్టొద్దు. ఎడమ చానెల్‌లోంచి కుడి చానెల్‌ను తీసివేస్తే రెండింటిలోనూ సమానంగా ఉన్న గొంతు పోతుందన్నదే దాని కిటుకు. అయితే 1950, 60ల పాటలు చాలావరకు మోనో రికార్డింగులు. రెండు చానెళ్లూ ఒకటే కాబట్టి గొంతుతో పాటు పాటే మాయమవుతుంది. స్టీరియో పాటల్లోనూ నడిమధ్య ఉండే బేస్, డ్రమ్స్ గొంతుతో పాటే పోతాయి. పాత పాటలకు విడిగా చేసిన ట్రాకు వెతుక్కోవడం, లేదా గొంతునీ వాద్యాలనీ వేరుచేసే కొత్త సాఫ్ట్‌వేర్‌తో ముందే ట్రాకు తయారు చేసుకోవడం మంచిది. దానిలోనూ వెనకాల గొంతు నీడలా కొంచెం మిగులుతుంది, పాడేవాళ్లకు అది ఆసరానే.

బ్లూటూత్‌తో పాట ఆలస్యంగా వస్తుందని కొందరు కంగారు పడతారు. మైకు నేరుగా డబ్బాలోకే వెళ్తుంది కాబట్టి పాడేవాళ్లకు ఇబ్బంది లేదు. స్పీకర్‌లో వినపడే ట్రాకుతో కలిసి పాడితే సరి. తెర మీద సాహిత్యం మాత్రం పాట కంటే కాస్త ముందు పరిగెత్తవచ్చు. ఫోన్ మైకులోనే పాడి ఆ గొంతును బ్లూటూత్‌లో పంపితే మాత్రం గొంతు లయ తప్పి వస్తుంది, ఎంత పాడగలిగినవాళ్లయినా తడబడతారు. ఫోన్‌ను డబ్బాకు కలిపే 3.5 మిల్లీమీటర్ల ఆక్స్ వైరు ఒకటి సంచిలో పెట్టుకుంటే రెండు చిక్కులూ తీరతాయి.

వైర్‌లెస్ మైకులు గొంతును పంపే రేడియో తరంగాల్లో వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ అని రెండు రకాలు. వీహెచ్ఎఫ్ కంటే యూహెచ్ఎఫ్ రకం తీసుకోండి. చవక వీహెచ్ఎఫ్ మైకుల తరంగం మార్చడానికి వీలుండదు. పక్క మేడ మీద అదే మోడల్ ఉంటే వాళ్ల పాట మీ డబ్బాలో వస్తుంది. మైకు జాలీని పిడికిట్లో మూసి పట్టుకుంటే అన్ని వైపుల శబ్దం లోపలికి లాక్కుని స్పీకర్ కీచుమంటుంది. పిల్లలు సినిమా గాయకుల్లా పట్టుకోబోయి చేసేది ఇదే. మైకు నడుము పట్టుకుని నోటికి 2, 3 అంగుళాల దూరంలో ఉంచాలి. స్పీకర్‌ను పాడేవాళ్ల వెనక పెట్టకూడదు, వాళ్ల ముందు, వినేవాళ్ల వైపు తిప్పి పెట్టాలి. అయినా కీచుమంటే ట్రెబుల్, ఎకో తగ్గించండి. ఎకో నాలుగో వంతు దాటితే పాత పాటల్లో ఒక్క మాటా అర్థం కాదు.

ఇక అంత్యాక్షరి. దీనికి యూట్యూబులో వెతకడం కుదరదు. ప్రకటనలు, నత్తనడక సిగ్నల్, ఆటలో ఊపు పోతుంది. 32 జీబీ పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌లో ఫ్యాట్32 (FAT32) అనే పద్ధతి ఎంచుకుని ఫార్మాట్ చేసి, పల్లవి వరకే కత్తిరించిన ట్రాకులు వేసుకోండి. ఈ డబ్బాల తెర తెలుగు పేర్లు చూపించదు, అంకెలే చూపిస్తుంది. పాటల వరుస కూడా చాలావాటిలో పేరును బట్టి ఉండదు, ఏది ముందు కాపీ చేస్తే అదే ముందు. కాబట్టి 001, 002 అని అంకెలు పెట్టి అదే వరుసలో కాపీ చేయాలి. అక్షరాల వారీగా అంకెల చీటీ ఒకటి అట్టకు అంటించుకుంటే రిమోట్‌లో 47 నొక్కగానే 47వ పాట వస్తుంది. ఒక్కో అక్షరానికి పాతవి 3, మధ్యకాలంవి 3, కొత్తవి 3 పెడితే ఏ తరమూ చిన్నబుచ్చుకోదు.

సాహిత్యం ఏ లిపిలో ఉండాలన్నది ఇక్కడి ప్రత్యేకమైన చిక్కు. ఒడియా, ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, తెలుగు అక్షరం చదవలేరు. పెద్దవాళ్లకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు చూస్తే చిరాకు. పల్లవులను ఒక వరుస తెలుగులో, పక్కనే ఒక వరుస ఒడియా లిపిలో అచ్చు తీయించి పెట్టుకుంటే మనవరాలు, అమ్మమ్మ ఒకే కాగితం పట్టుకుని పాడతారు.

నియమాలు ఆటకు ముందే ఖాయం చేసుకోవాలి. ణ వస్తే న, ళ వస్తే ల, ఖ, ఘ లాంటి ఒత్తి పలికే అక్షరాలు వస్తే క, గ లాంటి మామూలు అక్షరాలు. చివర సున్నా ఉంటే మ. జపాన్ పిల్లల మాటల గొలుసు ఆట షిరితోరిలో ఇంత కనికరం లేదు. ‘న్’తో ముగిసే మాట అన్నవాళ్లు ఓడినట్టే, ఎందుకంటే ఆ అక్షరంతో అక్కడ మాట మొదలవదు. పల్లవి చివర మొదటి పాదం మళ్లీ పాడి ఆపాలా, పాడకుండా ఆపాలా అన్నది కూడా తేల్చుకోండి, చివరి అక్షరం మారేది అక్కడే.

ఒడియా స్నేహితులు కలిస్తే ఆట ఇంకా రక్తి కడుతుంది. హిందీలా చివరి అచ్చును మింగేయకుండా ఒడియాలో పలుకుతారు కాబట్టి మనకు అక్షరం స్పష్టంగా తెలుస్తుంది. వాళ్లకు వ, బ దాదాపు ఒకటే, మన ‘వన’ వాళ్లకు ‘బన’. యమునను జమున అంటారు. శ, ష, స మూడూ స గానే పలుకుతారు. అందువల్ల వ వస్తే బ, య వస్తే జ పాడుకోవచ్చని ఇద్దరికీ ఒప్పందం ఉండాలి. ఇది చిన్న విషయమని వదిలేస్తే రాత్రంతా పేచీలే.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదన్నది దేశమంతటా ఉన్న నియమం, మేడ మీద ఆటకూ వర్తిస్తుంది.

ఈ డబ్బాలో ముందు పాడయ్యేది బ్యాటరీ. చాలా మోడళ్లలో ఉండేది 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ రకం. పండగకు వాడి, చార్జ్ ఖాళీ అయినదాన్ని అలాగే మూలన పెడితే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ పండగకు అరగంట కూడా నిలవదు. వాడినా వాడకపోయినా నెలకోసారి నిండా చార్జ్ చేయాలి. సర్వీస్ సెంటర్ ఎంత దూరంలో ఉందో కొనేముందే అడగండి, విశాఖకో భువనేశ్వర్‌కో పంపమంటే పార్సిల్ ఖర్చే తడిసి మోపెడవుతుంది. బ్యాటరీ ఒక్కటే పోతే పంపక్కర్లేదు. పాతది విప్పి దాని మీద వోల్టులు, ఏహెచ్ (Ah, బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పేది) అంకె చూసుకుని, అదే కొలత బ్యాటరీ కంప్యూటర్ యూపీఎస్‌లు బాగుచేసే కొట్లో అడిగితే దొరుకుతుంది. బిగించేటప్పుడు ఎర్ర వైరు ప్లస్‌కే వెళ్లిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.