బాడర్ ఆస్ట్రోసోలార్ ఫిల్మ్: తిరుపతి ఎండలో బుధుడి ట్రాన్సిట్‌కి పనికొస్తుందా?

ఇది టెలిస్కోప్ ముందు మూతికి పెట్టుకునే సోలార్ ఫిల్టర్ షీట్. బాగా పనికొస్తుంది. కాకపోతే ఓడీ (కాంతిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 5.0 అని రాసున్న రకమే కొనాలి. అది సూర్యకాంతిలో లక్షో వంతునే లోపలికి వదులుతుంది. 3.8 రకం ఫోటోలకే, దాంతో ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) కన్ను పెట్టకూడదు.

2032 నవంబర్ 13న బుధుడు సూర్యుడి మీదుగా వెళ్తాడు, ట్రాన్సిట్ అంటే ఇదే. మన టైమ్‌లో మధ్యాహ్నం సుమారు 12.11 నుంచి సాయంత్రం 4.37 దాకా, అంటే మొదటి నుంచి చివరి దాకా మనకి పగలే. అయితే బుధుడి చుక్క సూర్యబింబం వెడల్పులో దాదాపు 194వ వంతు. గ్రహణం కళ్లద్దాలతో అస్సలు కనపడదు. టెలిస్కోప్ ఉండాలి, కనీసం 50 రెట్లు పెద్దది చేసి చూడాలి.

ఏ4 సైజు షీట్ (20×29 సెం.మీ.) వస్తుంది, ఫ్రేమ్ మనమే చేసుకోవాలి. 80 మి.మీ. టెలిస్కోప్‌కి 12 సెం.మీ. చదరాలు రెండు కోసినా, బైనాక్యులర్‌కి సరిపడా పీలిక మిగులుతుంది. టెలిస్కోప్ ట్యూబ్ ముందు మూతి చుట్టూ చార్ట్ పేపర్ మూడు పొరలు చుట్టి రింగ్ చేసి, రెండు అట్టల మధ్య ఫిల్మ్‌ని వదులుగా అంటించండి. చాలామంది ఇక్కడే పాడుచేస్తారు: ముడతలు పోవాలని బిగించి లాగుతారు. లాగితేనే బొమ్మ చెడుతుంది, చిన్న ముడతల వల్ల ఏమీ కాదు. వాడే ప్రతిసారీ బల్బుకి ఎదురుగా పట్టి చూడండి, సూదిమొన అంత వెలుగు కనిపించినా ఆ ముక్క పారేయండి. గాలికి ఊడకుండా మూడు చోట్ల టేప్ వేయాలి. ఫైండర్‌కి (గురి చూసుకోడానికి ట్యూబ్ మీదుండే చిన్న టెలిస్కోప్‌కి) మూత పెట్టేయాలి. నేల మీద ట్యూబ్ నీడ బాగా చిన్నదయ్యేలా తిప్పితే సూర్యుడు దొరుకుతాడు.

బొమ్మ తెల్లగా, పదునుగా ఉంటుంది. సూర్యమచ్చల అంచులు బూడిదరంగులో చెదిరి ఉంటాయి, బుధుడేమో నిండు నలుపు, గుండ్రం. ఈ తేడా ఇంత స్పష్టంగా చూపించడమే ఈ ఫిల్మ్ గొప్పతనం.

ఫోటోకి 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉంటే సెన్సర్ మీద సూర్యుడు 9 మి.మీ. చిల్లర, బుధుడు 0.05 మి.మీ. వస్తారు. 4 మైక్రాన్ల పిక్సెల్ అయితే పన్నెండు పిక్సెళ్లు. 300 మి.మీ. లెన్స్‌తో మూడో నాలుగో, చుక్క అని చెప్పడమే కష్టం. ఎఫ్/8, ఐఎస్ఓ 100, 1/400 సెకను దగ్గర మొదలుపెట్టండి. ఫోకస్ సూర్యమచ్చ మీద, మచ్చ లేకపోతే బింబం అంచు మీద. తలకి నల్లగుడ్డ కప్పుకుంటేనే స్క్రీన్ కనపడుతుంది.

డాబా మీద వద్దు. మధ్యాహ్నానికి సిమెంటు కాలి, పైకొచ్చే వేడిగాలికి అంచు ఉడికినట్టు కదులుతుంది, దానికి ఏ ఫిల్మూ మందు కాదు. పచ్చిక ఉన్న మైదానం మేలు. నవంబరంటే ఈశాన్య రుతుపవనాల కాలం, మబ్బు సందు దొరకగానే తీసేలా కెమెరా సిద్ధంగా పెట్టుకోండి. బుధుడు బయటికొచ్చే సమయానికి సూర్యుడు సుమారు పద్నాలుగు డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పడమర-నైరుతి వైపు కొండా చెట్లూ అడ్డులేని చోటు ముందే చూసుకుని, అప్పటికి ఎక్స్‌పోజర్ రెట్టింపు చేయండి.